దీవికి వెళ్ళాలంటే ముందు నెల చూడండి: అండమాన్, శ్రీలంక, బాలి, లక్షద్వీప్‌లలో వరంగల్ వాళ్ళకు ఏది?

మనది సముద్రం లేని నేల. హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో పెరిగిన పిల్లలకు పెద్ద నీళ్ళంటే పాకాల, లక్నవరం, లేదంటే వానాకాలపు గోదావరి. అందుకే ఇంట్లో ఎవరైనా "ఈసారి ఏదైనా దీవికి పోదాం" అంటే అందరికీ హుషారొస్తుంది. ఆ వెంటనే వాదన మొదలవుతుంది. పిల్లలు బాలి అంటారు. పెద్దవాళ్ళు శ్రీలంకలో గుళ్ళున్నాయట అంటారు. ట్రావెల్స్ వాళ్ళు అండమాన్ ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు.

ఫొటోలు చూసి తేల్చుకుందామంటే కుదరదు, ఫొటోలో అన్ని సముద్రాలూ ఒకే నీలంగా ఉంటాయి. ప్యాకేజీ ధర చూసి తేల్చుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే బాగా చవగ్గా దొరికేది చాలాసార్లు వానల నెలలోనే. నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది ఇదే: మీకు సెలవులు ఏ నెలలో దొరుకుతాయో ముందు రాసుకోండి. ఎవరెవరు వస్తున్నారో దాని కింద రాసుకోండి. ఈ రెండూ రాశాక సగం దీవులు వాటంతట అవే జాబితాలోంచి పోతాయి.

సంక్రాంతికా, ఎండాకాలమా, దసరాకా?

ఉష్ణమండల దీవుల్లో చలికీ ఎండకీ పెద్ద తేడా ఉండదు. వాన ఉందా, సముద్రం శాంతంగా ఉందా అన్నదే అక్కడి లెక్క. ఆ వానలు కూడా అన్ని దీవులకీ ఒకేసారి రావు.

సంక్రాంతి సెలవులు తక్కువ రోజులు, కాబట్టి దగ్గరి దీవే మేలు. అదృష్టవశాత్తూ జనవరిలో అండమాన్ చాలా బాగుంటుంది. వాన తగ్గి ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. లక్షద్వీప్, మాల్దీవులకు కూడా ఇది మంచి కాలమే. శ్రీలంకలో అయితే పడమటి, దక్షిణపు తీరాలు బాగుంటాయి, తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా తగులుతుంది. బాలి మాత్రం జనవరిలో వద్దు. అక్కడ అది నిండు వానాకాలం.

ఎండాకాలం సెలవులకు లెక్క తిరగబడుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం, కాబట్టి మే నెలలో అదే అన్నిటికంటే నమ్మకమైనది. శ్రీలంకలో అప్పుడు నైరుతి వానలు కొలంబో వైపు కురుస్తుంటే, తూర్పున త్రికోణమలై బీచ్‌లు ఎండగా, శాంతంగా ఉంటాయి. అండమాన్‌కు వెళ్ళాలనుకుంటే మే మొదటి వారం దాటనివ్వకండి. మన దగ్గర మే ఎండలకు భయపడి బయటికి రాని రోజుల్లోనే అక్కడ నైరుతి రుతుపవనాలు దిగుతాయి. దేశంలో అవి ముందుగా తాకేది ఆ దీవులనే.

దసరా సెలవులు కొంచెం చిక్కు. బాలి అప్పటికీ బాగుంటుంది. అండమాన్‌లో వాన ఆగిపోయిందని చెప్పలేం, పైగా అక్టోబర్, నవంబర్ బంగాళాఖాతంలో తుపాన్ల నెలలు. శ్రీలంకలో అక్టోబర్ వచ్చిందంటే మధ్యాహ్నాలు ఉరుములతో వాన. దసరా సెలవులే ఉన్నవాళ్ళు, బాలికి అంత ఖర్చు పెట్టలేకపోతే, ఆ డబ్బు దాచుకుని జనవరికి ఆగడం మంచిదని నా అభిప్రాయం.

మొదటిసారి విమానం ఎక్కుతున్న కుటుంబానికి అండమాన్

పాస్‌పోర్టు అక్కర్లేదు, మన రూపాయలే, హిందీ వస్తే చాలు. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు రెండున్నర గంటలు. నాయనమ్మ, తాతయ్య, చిన్నపిల్లలు అందరూ కలిసి వెళ్ళే ఇంటికి నేను ఇంకో పేరు చెప్పను.

పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. అంతకుముందే 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ, రాస్ ఐలాండ్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు ఉంటాయి కాబట్టి రెండూ తెలిసి ఉంటే తికమక ఉండదు.

అక్కడ తెలుగు వినిపించడం చూసి మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు నూటికి దాదాపు 13 మంది. ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. అన్నం, పప్పు, చేపల పులుసు దొరకవేమోనన్న టెన్షన్ పెట్టుకోనవసరం లేదు.

సెల్యులార్ జైలును 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. మధ్యలో ఒక గోపురం, దాని నుంచి చక్రం ఆకుల్లా ఏడు వరసలు, ఖైదీకి ఖైదీ కనపడకుండా విడివిడి గదులు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. మన పిల్లలకు అక్కడ చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి నడిపించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను బ్రిటిష్ వాళ్ళు అండమాన్‌కే పంపారు. ఈ జైలు కట్టకముందటి మాట అది. ఆయన అక్కడే కన్నుమూశారు. తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళు ఆ పేరు తలుచుకోకుండా జైలు ఆవరణలోంచి బయటికి రాకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

బీచ్‌ల విషయానికొస్తే రాధానగర్ బీచ్ పేరు ఎంత విన్నారో అంత బాగుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: వరంగల్ కంటే అండమాన్ దాదాపు 13 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. అందుకే సూర్యుడు మనకంటే సుమారు 50 నిమిషాలు ముందే లేచి ముందే వాలిపోతాడు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. తొమ్మిదింటికి తీరిగ్గా లేచి టిఫిన్ చేసి బయల్దేరితే రోజులో సగం పోయినట్టే. నీళ్ళలో దిగేటప్పుడు హెచ్చరిక బోర్డులు చదవండి. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళుంటాయి, వల కట్టిన భాగం దాటి వెళ్ళకూడదు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవడం చట్టప్రకారం తప్పు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

బారాటాంగ్ సున్నపురాయి గుహల ట్రిప్ గురించి నా మాట వేరు. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్యలోంచి పోతుంది. వాహనాలు వరసగా, కాపలాతో వెళ్తాయి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తిండి విసరకూడదు. కొందరు గుహల కోసం కాక జారవాలు కనిపిస్తారేమో చూద్దామని వెళ్తారు. మనుషులను చూడటానికి టికెట్ కొనడం సరికాదు. గుహల మీద నిజంగా ఆసక్తి లేకపోతే ఆ రోజును నీల్ దీవికి ఇవ్వండి.

చెరువుల ఊళ్ళవాళ్ళకు శ్రీలంక

పాస్‌పోర్టు ఉంది, ఏడెనిమిది రోజులు దొరికాయి, బీచ్‌తో పాటు చరిత్ర కూడా కావాలి అనుకునేవాళ్ళకు నేను శ్రీలంకే చెబుతాను. చెప్పడమే కాదు, వరంగల్ మనిషి ఒక్కసారైనా చూడాల్సిన దీవి అదేనని నా నమ్మకం. కారణం సముద్రం కాదు, చెరువులు.

అనురాధపురం, పొలొన్నరువ ప్రాంతంలో ఏడాదిలో కొన్ని నెలలే వాన. మిగతా రోజులకు నీళ్ళు దాచుకోవాలి. అందుకని అక్కడి రాజులు లోయ పొడుగునా ఒకదాని కింద ఒకటి చెరువులు కట్టించారు. పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువుకు చేరుతుంది. గొలుసుకట్టు చెరువుల గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు కదా, పాకాల, రామప్ప, లక్నవరం కట్టల మీద నడిచినవాళ్ళం. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. సరిగ్గా ఆ రోజుల్లోనే పొలొన్నరువలో మొదటి పరాక్రమబాహు (1153-1186) పరాక్రమ సముద్రం అనే పెద్ద చెరువును విస్తరించి కట్టిస్తున్నాడు. రెండు నేలల్లోనూ రాజు గొప్పతనాన్ని చెరువు కట్ట పొడవుతో కొలిచిన కాలం అది.

అంతకంటే ఏడు వందల ఏళ్ళ ముందు, ఐదో శతాబ్దంలో, ధాతుసేనుడు కాలవెవ అనే చెరువు కట్టించాడు. అక్కడినుంచి అనురాధపురానికి నీళ్ళు తెచ్చిన కాలువ 87 కిలోమీటర్లు. మొదటి భాగంలో అది కిలోమీటరుకు పది సెంటీమీటర్లే దిగుతుంది. ఏ పరికరాలూ లేని రోజుల్లో అంత సన్నని వాలు ఎలా పట్టారో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ధాతుసేనుడిని కొడుకు కాశ్యపుడు బంధించి నీ సంపద ఎక్కడ దాచావని నిలదీస్తే, ఆయన ఆ చెరువు నీళ్ళు దోసిట పట్టి ఇదే నా సంపద అన్నాడని అక్కడి పాత చరిత్ర చెబుతుంది. తండ్రిని చంపి రాజైన ఆ కాశ్యపుడే సిగిరియ బండ మీద కోట కట్టుకున్నాడు. కాలవెవ చూశాక సిగిరియ చూడండి. కథ వరస కుదురుతుంది.

సిగిరియకు సుమారు 1,200 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పైదాకా లాక్కెళ్ళకండి. కింద నీటితోటలు, కొలనులు వాళ్ళకు హాయిగా ఉంటాయి. పొద్దున్నే ఎక్కితేనే ఎండ తగలదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెళ్ళేవాళ్ళయితే మిన్నేరియ చెరువు శిఖంలో పచ్చిక మేయడానికి గుంపులు గుంపులుగా దిగే ఏనుగులను తప్పకుండా చూడాలి.

భక్తి కోసం వెళ్ళేవాళ్ళకు త్రికోణమలై ముఖ్యం. అష్టాదశ శక్తిపీఠాల్లో మన ఆలంపురం జోగులాంబ ఒకటైతే, వరసలో మొదటి పేరు లంకలోని శాంకరీదేవిది. ఆ పీఠం త్రికోణమలైలోనిదని నమ్మకం. అక్కడి కోణేశ్వర ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి ఉంది, స్వెట్టర్ పట్టుకెళ్ళండి, ఆ కొండల్లో చలి నిజంగానే ఉంటుంది. క్యాండీలో బుద్ధుడి దంతాన్ని ఉంచిన ఆలయం చూసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి: 1739 నుంచి 1815 దాకా ఆ రాజ్యాన్ని ఏలినవాళ్ళు మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవాళ్ళు. రాకపోకలు ఇంకా పాతవి కూడా. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ఒక విహారమే ఉండేది.

బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అక్కడ అవమానం. శాకాహారులు కొబ్బరి పచ్చడిలో కూడా ఎండు చేపపొడి కలుపుతారని తెలుసుకుని, వేయవద్దని ముందే చెప్పాలి. యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి అక్కడా పని చేస్తోంది, అయినా పల్లెల్లో నగదు కావాలి. మ్యాప్‌లో దూరాలు చిన్నగా కనిపించినా రోడ్లు నెమ్మది. రోజుకో ఊరు మార్చే ప్యాకేజీ ఇస్తే తీసుకోవద్దు. ఎనిమిది రోజులకు మూడు మకాములు చాలు.

బాలి ఎవరికి

కొత్తగా పెళ్ళైనవాళ్ళకు, కాలేజీ వయసు పిల్లలున్నవాళ్ళకు, మే నెల తప్ప వేరే సెలవు లేనివాళ్ళకు బాలి. శంషాబాద్ నుంచి చాలావరకు సింగపూర్, కౌలాలంపూర్ లాంటి చోట విమానం మారాల్సి వస్తుంది, కాబట్టి పోనూ రానూ రెండు రోజులు ప్రయాణానికే తీసేయండి. నాలుగు రోజుల సెలవుకు ఆ దూరం దండగ. అక్కడ దిగాక తీసుకునే వీసాకు 5,00,000 రుపియా, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటకుల రుసుము మరో 1,50,000 రుపియా. సున్నాలు చూసి కంగారు పడకండి, రుపియా విలువ చాలా తక్కువ. అయినా ప్యాకేజీలో ఈ రెండూ కలిపారో లేదో అడగండి, సాధారణంగా కలపరు.

బాలి అంటే పార్టీలే అనుకుని వెళ్ళేవాళ్ళు కుట, సెమిన్యాక్ బీచ్‌లు దాటరు. నేనైతే ఉబుద్ వైపు ఎక్కువ రోజులు పెట్టమంటాను. ఆ దీవిలో నూటికి 85 మందికి పైగా హిందువులు. వాళ్ళ గుళ్ళలో గర్భగుడి విగ్రహం కోసం వెతికితే దొరకదు, చాలాచోట్ల ఖాళీ రాతి సింహాసనమే దైవస్థానం. నీళ్ళ సంగతిలో వాళ్ళూ మనకు చుట్టాలే. సుబాక్ అనే రైతుల సంఘాలు కొండమీది నీటిని మడి నుంచి మడికి వంతుల వారీగా పంచుకుంటాయి, ఎవరికి ఎప్పుడు నీళ్ళన్నది జలదేవతల గుళ్ళతో ముడిపడి ఉంటుంది. ఆ పద్ధతిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. జటిలువిహ్ వరిమళ్ళ గట్ల మీద ఒక పూట నడవండి. వ్యవసాయం తెలిసిన తండ్రులకు బీచ్ కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

మన ఉగాది రోజుల్లో టికెట్లు తీసేటప్పుడు జాగ్రత్త. వాళ్ళ శక సంవత్సరాది న్యేపి ఆ దగ్గర్లోనే వస్తుంది. ఆ రోజంతా మౌనం. వీధుల్లోకి ఎవరూ రారు, దీపాలు తగ్గిస్తారు, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. తెలిసి వెళ్తే గొప్ప అనుభవం, తెలియక వెళ్తే ఒక రోజు హోటల్ గదిలో బందీలు.

లక్షద్వీప్, మాల్దీవులు, రామేశ్వరం

నీళ్ళ అందం ఒక్కటే కావాలంటే లక్షద్వీప్‌ను మించింది మన దేశంలో లేదు. 36 దీవులు కలిపినా 32 చదరపు కిలోమీటర్లు, మనుషులుండేవి పదే. భారతీయులకు కూడా ప్రవేశ అనుమతి పత్రం కావాలి, అది చేతికి రాకుండా టికెట్లు తీయకండి. కొచ్చి నుంచి అగత్తికి చిన్న విమానం, లేదా ఒక రాత్రి ఓడ. వరంగల్‌లో ఆగే కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎర్నాకుళం దాదాపు ఒక రోజు ప్రయాణం, అదొక సౌకర్యం. బంగారం దీవి రిసార్టు తప్ప మిగతా చోట్ల మద్యం నిషేధం. అక్కడివాళ్ళు చాలావరకు ముస్లింలు, నెమ్మదైన జనం, ఊళ్ళో తిరిగేటప్పుడు ఒళ్ళు కప్పుకునే బట్టలు వేసుకోవాలి. షాపింగ్, రోజుకో కొత్త చోటు కావాలనే కుటుంబానికి రెండో రోజుకే విసుగొస్తుంది. ఈతా, స్నార్కెలింగూ ఇష్టమైన ఇద్దరు స్నేహితులకు స్వర్గం.

మాల్దీవులకు భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగాక ఉచితంగా ఇస్తారు. రిసార్టు దీవులు ఖరీదు. మాఫుషి లాంటి జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు అందుబాటులో ఉంటాయి. అంతకుమించి నాకు చెప్పాలనిపించేది లేదు, విశ్రాంతి ఒక్కటే కావాలంటే వెళ్ళండి.

విమానమే వద్దనే పెద్దవాళ్ళున్న ఇంటికి రామేశ్వరం ఉంది. చాలామంది మరిచిపోతారు కానీ అదీ దీవే. సముద్రం మీద కొత్త పాంబన్ రైలు వంతెన 2025 ఏప్రిల్‌లో మొదలైంది. చెన్నై మీదుగా రైల్లోనే చేరుకోవచ్చు. 1964 తుపానుకు తుడిచిపెట్టుకుపోయిన ధనుష్కోటి దాకా రోడ్డుంది. అటు ఇటు సముద్రం, మధ్యలో ఇసుకలోంచి పోయే దారి. ఈ జాబితాలో అన్నిటికంటే తక్కువ ఖర్చు దీనికే.

బుక్ చేసే వరస

ముందు పాస్‌పోర్టుల గడువు చూడండి. ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది కాబట్టి దానికోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. శ్రీలంక ప్రయాణ అనుమతి నిబంధనలు తరచూ మారుతున్నాయి, వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి, ఏజెంటు మాట మీద వదిలేయకండి.

మామునూరు విమానాశ్రయం మళ్ళీ నడిచేదాకా మనకు శంషాబాదే గతి. హనుమకొండ నుంచి కారులో నాలుగు గంటలు వేసుకోవాలి. తెల్లవారుజాము విమానమైతే ముందు రాత్రే బయల్దేరాలి, ఆ కారు ఖర్చు, నిద్రలేమి కూడా లెక్కలో వేసుకోండి. పిల్లలతో ఉంటే కొంచెం ఎక్కువైనా పగటి విమానమే తీసుకోండి.

అండమాన్‌కైతే విమానం టికెట్ల తర్వాత హోటల్ కంటే ముందు ఫెర్రీ బుక్ చేయాలి, జనవరిలో సీట్లు త్వరగా అయిపోతాయి. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండాలి. స్కూబా చేసినవాళ్ళు ఆ తర్వాత 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు, అందుకూ ఆ ఖాళీ రోజు అవసరం. పొద్దున హావ్‌లాక్ నుంచి ఫెర్రీలో వచ్చి మధ్యాహ్నం విమానం అందుకునే ప్లాన్ ఎవరిచ్చినా ఒప్పుకోకండి. సముద్రం బాగాలేక ఫెర్రీ ఒక్కటి రద్దయితే ఇంటిల్లిపాది టికెట్లూ పోతాయి.